చదరంగం గింజల లెక్కలో దాక్కున్న ఏడు సంఖ్యలు

మా తాతగారు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. లాభం, రెండు, మూడు... అలా సాగిపోయేది వరస. శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున మా ఊరు. కళ్లంలో రాశి పక్కన గొంతుక్కూర్చుని నేను వేళ్లు మడుస్తూ ఉండేవాణ్ణి. ఇంట్లో బియ్యం దగ్గరికొస్తే చిన్న కొలతలు వేరే ఉండేవి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి గిద్దలెన్నిరా అని ఒకసారి తాతగారు అడిగితే కాసేపు గొణుక్కుని అరవై నాలుగు అన్నాను.

‘సరే. గిద్ద నుంచి అడ్డ దాకా ఆరు గిన్నెలున్నాయి. ఒక్కోటీ ఒక్కసారే వాడాలి. ఎంతవరకు కొలవగలవు?’ అన్నారు.

ఆ ప్రశ్నతో ఒక పూటంతా గడిచింది. 37 గిద్దలు కావాలంటే అడ్డ ఒకటి, సోల ఒకటి, గిద్ద ఒకటి. 50 కావాలంటే అడ్డ, మానిక, అరసోల. ఏ లెక్క అడిగినా కుదురుతోంది, అదీ ఒకే ఒక్క విధంగా కుదురుతోంది. ఆరు గిన్నెలూ నిండా పోస్తే 63. ఇంకొక్క గిద్ద పోస్తే కుంచం. అంటే 1, 2, 4, 8, 16, 32 కలిపితే 64 కి ఒకటి తక్కువ. రెట్టింపు చేసుకుంటూ పోయి అన్నీ కూడితే, తర్వాత రావలసిన గిన్నెకు ఎప్పుడూ ఒక గిద్ద వెలితి. ఈ సంగతి నాకు బడి కంటే ముందు బియ్యం డబ్బా దగ్గర తెలిసింది.

చదరంగం కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా 64 గళ్లూ నింపమంటాడు ఆట కనిపెట్టినవాడు. రాజు నవ్వి సరేనంటాడు, ఆ తర్వాత రాజ్యం గాదెలన్నీ ఊడ్చినా చాలవు. మొత్తం గింజలు 18446744073709551615. మన మాటల్లో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లకు పైచిలుకు. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములనుకుంటే ఇది సుమారు 36,900 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైమాట. అంటే భూమ్మీద ఎవరూ ఒక్క ముద్ద తినకుండా ఏడు వందల ఏళ్లు దాచాలి.

మనవాళ్లు కథని ఇక్కడితో ఆపేస్తారు. పిల్లలు ‘అమ్మో’ అంటారు, మాస్టారు పుస్తకం మూసేస్తారు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. ఈ సంఖ్య పెద్దదవటం దాని గొప్పతనాల్లో అన్నిటికంటే చిన్నది. పెద్ద సంఖ్య కావాలంటే ఎవరైనా రాయొచ్చు, తొమ్మిదులు గీసుకుంటూ పోతే సరి. దీని లోపల ఒక కట్టడం ఉంది. దాన్ని తొమ్మిదో తరగతి పిల్ల కాగితం, పెన్సిల్ పెట్టుకుని విప్పగలదు. పిల్లల్ని సంఖ్య సైజుతో భయపెట్టి, విప్పే సమయానికి బెల్లు కొట్టేస్తున్నాం.

ఈ సంఖ్య మన తెలుగులో పద్యంగా ఉందని నాకు హైస్కూల్లో తెలిసింది. లెక్కల మాస్టారు చెప్పలేదు, తెలుగు మాస్టారు చెప్పారు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన చెప్పిన చంపకమాల అది. సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందటిది. అంకెల పేర్లు అందులో ఉండవు. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి అంటే చంద్రుడు, 1. షట్కం 6. రంధ్రాలు 9, వియత్తు సున్న, అగ్ని 3, వేదాలు 4, కుంజరాలు 8. పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖాలు కాబట్టి 4. అలా ఇరవై మాటలు. అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి కాబట్టి పద్యంలో మొదటి మాట ఒకట్ల స్థానం. శరతో మొదలుపెట్టి 5, 1, 6, 1 అని వెనక్కి రాసుకుంటూ పోతే చివర తుహినాంశుడి దగ్గర, అంటే మళ్లీ చంద్రుడి దగ్గర, 1 తో పూర్తవుతుంది.

ఈ సంఖ్యలో నాలుగు నాలుగులున్నాయి. మల్లన వాటికి నాలుగు వేర్వేరు మాటలు వేశాడు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. మూడు ఒకట్లకు మూడు చంద్రులు. మూడు ఏడులకు మూడు కొండలు: నగ, భూధర, గిరి. శర ఒక్కటే రెండుసార్లు వచ్చింది. ఇరవై అంకెలను, అదీ తన చేతిలో లేని వరసలో, యతిప్రాసలు చెడకుండా కూర్చాడు. అన్నట్టు రెళ్లతోనే కట్టిన ఈ సంఖ్యలో 2 అన్న అంకె ఒక్కచోట కూడా లేదు, పద్యంలోనూ లేదు.

ఆ మధ్య ఒక మిత్రుడు ఈ పద్యాన్ని వాట్సాప్‌లో పంపాడు. ‘చంద్ర శర’ అని ఉండవలసిన చోట ‘చంద్ర శశి’ అని పడింది. చదివితే ఎక్కడా తడబడదు. శర, శశి రెండూ రెండేసి లఘువులు, గణం చెడలేదు, యతి చెడలేదు. ఛందస్సు పట్టుకోలేని తప్పు అది. నాకు అనుమానమొచ్చి అంకెలన్నీ కలిపి చూశాను. అసలు సంఖ్యలో అంకెల మొత్తం 87 రావాలి, 87 మూడుతో పోతుంది. వాట్సాప్ పద్యంలో 83 వచ్చింది. మూడుతో పోలేదు. ఎక్కడో ఒక మాట తప్పని తేలిపోయింది. ఎప్పటిదో పద్యంలో అచ్చుతప్పును మూడో ఎక్కంతో పట్టుకున్నాను. అది నా జీవితంలో మంచి రోజుల్లో ఒకటి.

మూడుతో పోవాలని ఎలా తెలుసు? అసలు సంగతి అదే.

ముందు నా తరగతి గురించి చెప్పాలి. నేను లెక్కల మాస్టర్ని. మొదట్లో విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను. ఒక వారం పాటు రోజూ చివరి పదిహేను నిమిషాలు ఈ సంఖ్యకు ఇచ్చాను. నాలుగో రోజుకే యాజమాన్యం నుంచి పిలుపొచ్చింది. ‘మాస్టారూ, ఇది పరీక్షలో వస్తుందా?’ అని అడిగారు. రాదన్నాను. ‘మరి ఎందుకండీ పిల్లలకి టెన్షన్?’ అన్నారు. నేను మారు మాట్లాడలేదు. ఉద్యోగం కొత్త, ఇంట్లో అవసరాలు. ఆ మౌనం నన్ను చాలాకాలం బాధపెట్టింది. టెన్షన్ ఎవరికి? ఆ పిల్లలు సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని కూడా రెట్టింపులు వేసుకుంటున్నారు. నేను చూశాను.

తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ హైస్కూలుకి వచ్చాక మళ్లీ మొదలుపెట్టాను. వరండాలో సుద్దతో పై నుంచి కింది దాకా 64 వరసలు, మొదటి వరసలో 2. ఒక్కో పిల్ల ఒక్కో వరస రాయాలి, పై సంఖ్యని రెట్టింపు చేయాలి. 36 సార్లు రెట్టించాక వచ్చేది 68719476736. దాన్ని రెట్టించటం ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వంతు. మోకాళ్ల మీద కూర్చుని కుడి నుంచి వేసుకుంటూ వస్తోంది. ఆరు రెళ్లు పన్నెండు, రెండు వేసి చేతిలో ఒకటి. మూడు రెళ్లు ఆరు, ఒకటి ఏడు. అలా నాలుగు దగ్గరికొచ్చింది. నాలుగు రెళ్లు ఎనిమిది. చేతిలో ఒకటి ఉన్న సంగతి మర్చిపోయి ఎనిమిదే వేసింది. 137438853472 అని వచ్చింది.

ఎవరూ గమనించలేదు. నేను గమనించినా ఊరుకున్నాను. ఎందుకంటే ముందురోజే వాళ్లకి ఒక కిటుకు చెప్పాను. ఏ వరసలోనైనా అంకెలన్నీ కూడి, వచ్చినదాని అంకెలు మళ్లీ కూడి, ఒక్క అంకె మిగిలేదాకా పోతే రెట్టింపుల్లో 2, 4, 8, 7, 5, 1 వస్తాయి, మళ్లీ 2 నుంచి అదే వరస. 37 వ రెట్టింపుకు 2 రావాలి. పిల్ల రాసినదాన్ని కూడితే 55, తర్వాత 10, తర్వాత 1. పక్కనున్న అబ్బాయి గట్టిగా అరిచాడు: ‘మాస్టారూ, రెండు రావాల, ఒకటొచ్చింది!’ ఆ అమ్మాయి తల ఎత్తలేదు. చూపుడు వేలితో ఒక్కో అంకెనూ తడుముకుంటూ వెనక్కి వెళ్లి, ఎనిమిది దగ్గర ఆగి, అరచేత్తో చెరిపి తొమ్మిది పెట్టింది. ఎవరూ చెప్పలేదు ఆ తప్పు ఎక్కడుందో. ఈ సంఖ్యే చెప్పింది.

ఇక కట్టడం దగ్గరికి వద్దాం. గింజల మొత్తం అంటే 2 ని 64 సార్లు వేసి గుణించి, ఒకటి తీసెయ్యడం. 2 పవర్ 64 మైనస్ 1. ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రం అందరికీ వచ్చు: తేడాని మొత్తంతో గుణించడం. 2 పవర్ 64 అంటే 2 పవర్ 32 కి స్క్వేరు. కాబట్టి మన సంఖ్య రెండు ముక్కలవుతుంది: 2 పవర్ 32 కి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. అంటే 4294967295, 4294967297. తక్కువదాన్ని మళ్లీ అదే సూత్రంతో చీల్చవచ్చు. దాని తక్కువ ముక్కని మళ్లీ. చివరికి మిగిలేవి ఇవి: 3, 5, 17, 257, 65537, 4294967297. ఇరవై అంకెల సంఖ్యని ఎనిమిదో తరగతి సూత్రంతో ఆరు ముక్కలు చేశాం, భాగహారం ఒక్కటి కూడా చెయ్యలేదు. మూడు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందిగా.

ఈ ఆరింటి పక్కన కూర్చున్నవాళ్లు సామాన్యులు కారు. 1640 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరసనే చూశాడు: 2 తో మొదలుపెట్టి స్క్వేరు మీద స్క్వేరు చేసుకుంటూ పోయి, ఒక్కోదానికీ ఒకటి కలిపితే వచ్చేవి. 3, 5, 17, 257, 65537 ఐదూ ప్రధాన సంఖ్యలు. తర్వాతివీ అన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన నమ్మాడు. 1732 లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు ఆరోదాన్ని విరిచేశాడు: 4294967297 అంటే 641 ఇంటూ 6700417. అంతే, ఫెర్మా నమ్మకం పోయింది. ఆ వరసలో ప్రధాన సంఖ్యలుగా ఇప్పటికి తెలిసినవి ఆ మొదటి ఐదే. అంటే రాజుగారి గాదెలు ఊడ్పించిన సంఖ్యలో ఉన్న ప్రధాన సంఖ్యలు మొత్తం ఏడు: ఫెర్మా సరిగ్గా చెప్పిన ఐదు, ఆయిలర్ తప్పు పట్టుకున్న రెండు.

641 ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆయిలరే చూపించినట్టు, ఆ పెద్ద సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపినదై ఉండాలి. (మళ్లీ అరవై నాలుగే. మా తాతగారి కుంచం.) అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలోనే దొరుకుతుంది.

పెద్ద భాగహారం చెయ్యకుండా కూడా దీన్ని రుజువు చెయ్యవచ్చు. నాకు తెలిసిన లెక్కల్లో ఇంత ముచ్చటైనది ఇంకోటి లేదు, అందుకని ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను. 641 ని రెండు రకాలుగా రాయండి. ఒకటి, 5 ఇంటూ 128 కి ఒకటి కలిపితే 641. రెండు, 625 కి 16 కలిపితే 641. మొదటి దాన్నిబట్టి 5 ఇంటూ 128 అనేది 641 కి ఒకటి తక్కువ, అంటే భాగిస్తే శేషం మైనస్ 1 అనుకోవచ్చు. దాన్ని దానితోనే నాలుగుసార్లు వేసి గుణిస్తే మైనస్‌లు పోయి శేషం 1 అవుతుంది. నాలుగు ఐదుల లబ్ధం 625. 128 అంటే 2 పవర్ 7, నాలుగు వేస్తే 2 పవర్ 28. కాబట్టి 625 ఇంటూ 2 పవర్ 28 కి శేషం 1. ఇప్పుడు రెండో రూపం చూడండి. 625 కి 16 కలిపితే 641 కనక, శేషాల లెక్కలో 625 బదులు మైనస్ 16 పెట్టినా ఒకటే. 16 అంటే 2 పవర్ 4. 28 తో కలిసి 32. అంటే మైనస్ 2 పవర్ 32 కి శేషం 1. కాబట్టి 2 పవర్ 32 కి ఒకటి కలిపితే శేషం సున్న. అయిపోయింది.

పదో తరగతి పిల్లలకి బోర్డు మీద ఇది చేసి చూపించినప్పుడు గదిలో ఒక్క నిమిషం చప్పుడు ఉండదు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను.

తక్కువ ముక్కకీ ఒక కథ ఉంది. 4294967295 అంటే ఆ ఐదు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం. 1796 లో గాస్ అనే గణితజ్ఞుడు, ఇరవై ఏళ్లు కూడా నిండకుండానే, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమబహుభుజి గీయవచ్చని కనిపెట్టాడు. అలా గీయగలిగినవాటిలో భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయ్యుండాలి. మనకు తెలిసినవి ఐదే కాబట్టి, బేసి భుజాల్లో మనకు తెలిసిన అతి పెద్దది 4294967295 భుజాలది. దాన్ని ఎవరూ గీయలేరు, గీసినా కంటికి వృత్తంలాగే ఉంటుంది. కానీ గీయవచ్చని రుజువుంది. జామెట్రీ బాక్సుకీ చదరంగం బల్లకీ ఇలా చుట్టరికం ఉందని పిల్లలకి ఎవరు చెబుతారు?

ఇంకో చోట కూడా ఉంది ఈ సంఖ్య, మన జేబుల్లో. ఇప్పటి ఫోన్లు చాలావరకు 64 బిట్లవి, అంటే ఒక సంఖ్యకి సున్నో ఒకటో పట్టే గళ్లు 64. ఆ 64 గళ్లలోనూ ఒకటి ఉంటే వచ్చేది ఇదే సంఖ్య. మైనస్‌లు లేని లెక్కలో అక్కడ పట్టే అతి పెద్దది. దానికి ఇంకొకటి కలిపితే, బండి మీటరు తొమ్మిదులన్నీ తిరిగి సున్నలకి వచ్చినట్టు, సున్న అయిపోతుంది. తాతగారి గిన్నెలే ఇవీ: ఒక్కోటీ ముందుదానికి రెట్టింపు, ఒక్కోటీ వాడాలా వద్దా అన్నదే ప్రశ్న.

ఇది చెప్పగానే కొందరు ‘చూశారా, మల్లనకు కంప్యూటరు ముందే తెలుసు’ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆయనకు కంప్యూటరు తెలియదు. ఆయనకు రెట్టింపు తెలుసు, కూడిక తెలుసు, తెలుగు తెలుసు. ఇరవై అంకెల్లో ఒక్క తప్పు లేకుండా చేసిన ఆ పని మనం మెచ్చుకోవడానికి సరిపోదా? లేనిది అంటగడితే ఉన్నది కనపడకుండా పోతుంది. అలాగే అంకెలు కూడి అదృష్ట సంఖ్య చెప్పేవాళ్లూ ఉంటారు. అంకెల మొత్తం 87 అనేది మనం పదుల్లో రాసుకోవడం వల్ల వచ్చిన సంగతి. ఇంకో పద్ధతిలో రాస్తే అది మారిపోతుంది, ‘2 లేదు’ అన్న విశేషమూ పోతుంది. కానీ ఏ పద్ధతిలో రాసినా, కుంచంలో గిద్దలుగా కొలిచినా, ఆ ఏడు ప్రధాన సంఖ్యలు మాత్రం మారవు. ఏది సంఖ్య తొడుక్కున్న చొక్కా, ఏది దాని ఒళ్లు అన్న తేడా పిల్లలకి తెలియాలి.

కిందటేడు వరండాలో ఆ 64 వ వరస పూర్తయ్యాక, 37 వ వరసలో తడబడిన అమ్మాయే అడిగింది. ‘మాస్టారూ, ఒకటి తీసేస్తే ఇన్ని ముక్కలయ్యాయి గదా, ఒకటి కలిపితేనో?’

18446744073709551617. ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ దీని దగ్గర పనికిరాదు. ఫెర్మా వరసలో 4294967297 తర్వాతిది ఇదే. ఆయిలర్ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లు గడిచాయి. 1880 లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన, 82 ఏళ్ల వయసులో, దీన్ని విరిచాడు. 274177 తో పోతుంది. 641 నుంచి ఒకటి తీస్తే 128 తో పోయినట్టే, 274177 నుంచి ఒకటి తీస్తే 256 తో పోతుంది.

నేను 274177 అని మాత్రమే బోర్డు మీద రాశాను. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల పాత క్యాలెండరు కాగితం ఒకటి మడతపెట్టి తెచ్చింది. వెనకవైపంతా పెన్సిల్ భాగహారం. నాలుగైదు చోట్ల రబ్బరుతో రుద్ది కాగితం పల్చబడింది. పైన భాగఫలం 67280421310721. అట్టడుగున ఒక సున్న, దాని చుట్టూ రెండుసార్లు గీసిన గుండ్రం.